చర్చి అరుగు మీద సూదిమందు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరి వయసు ఎంతో తెలియాలంటే మా జేజిని అడగాల్సిందే. ఆళ్ళగడ్డకు కొంత దూరంలో, నల్లరేగడి చేల మధ్య ఉన్న చిన్న పల్లె మాది. పుట్టిన తేదీలు రాసిపెట్టుకునే అలవాటు ఊళ్ళోనూ లేదు, మా గేరిలోనూ లేదు. గేరి అంటే ఊరి చివర, వాన నీళ్ళు పారే వంక దాటాక, మా క్రైస్తవ కుటుంబాలు ఉండే రెండు వరసల ఇళ్ళు. మా నాయనను కన్నతల్లి మా జేజి. ఆమె మంత్రసాని. పెద్దిళ్ళలో గానీ, మా గేరిలో గానీ, ఏ బిడ్డ పుట్టినా ముందు పడేది ఆమె చేతుల్లోనే. అందుకే బడిలో చేర్చుకునేటప్పుడు అయ్యవారు కూడా పిల్లవాణ్ణి తెచ్చిన తల్లిదండ్రులను నమ్మకుండా మా జేజికి కబురు పెట్టేవాడు.

తేదీలు ఆమెకు తెలియవు. ఫలానావాడు కుందూ పొంగి చేలన్నీ మునిగిన ఏడు పుట్టాడు. ఫలానా పిల్ల కేసీ కాలువకు గండి పడిన మర్నాడు, జొన్నలు పాలుపోసుకునే కాలంలో పుట్టింది. ఇదీ ఆమె చెప్పే పద్ధతి. ఎవరన్నా కాదంటే ఆ కాన్పు ఎంతసేపు పట్టిందో, తల్లి ఎవరిని తిట్టిందో, అత్తగారు ఏమందో అన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టేది. అంతదూరం పోనివ్వడానికి ఎవరూ ఇష్టపడేవాళ్ళు కాదు. అవుననేసి తప్పుకునేవాళ్ళు.

అప్పటి ఆచారం ఒకటి చెప్పాలి, లేకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. పెద్దింట్లో నొప్పులు మొదలైతే మా జేజి వెనక వాకిలి గుండా లోపలికి పోయేది. పురుటి దినాలు అయ్యేదాకా ఆ ఇల్లంతా ఆమె మాట వినాల్సిందే. నీళ్ళు కాచమంటే కాచాలి, తలుపు మూయమంటే మూయాలి. పురుడు కడుక్కున్న మర్నాటి నుంచి ఆమె ఆ గడప తొక్కకూడదు, వీధి అరుగు కూడా ఎక్కకూడదు. తను బొడ్డు కోసిన బిడ్డను కూడా తాకకూడదు. చాటెడు జొన్నలు, ఒక పాత చీర వాకిట్లో పెట్టేవాళ్ళు, తీసుకుని వచ్చేది. ఆమెకు దీని మీద కోపం ఉండేదో లేదో నాకు తెలియదు. "తొమ్మిది దినాలు నేను రాణిని, పదో దినం నుంచి పనిమనిషిని గూడా కాదు" అని నవ్వేది, అంతే. నాకు మాత్రం ఒళ్ళు మండేది. చిన్నప్పటి నుంచీ నాది కొంచెం దుడుకు స్వభావమే.

నేను మూడో తరగతిలో ఉన్న ఏడు చుట్టుపక్కల పల్లెల్లో కోరింత దగ్గు వచ్చింది. పసిపిల్లలు దగ్గి దగ్గి, ఊపిరి అందక, ముఖం నల్లబడి, చివరకు కొక్కొరోమన్నట్టు ఒక కూత కూసేవాళ్ళు. ఆ శబ్దం ఒకసారి విన్న తల్లి మళ్ళీ మరిచిపోదు. దానికి సూదిమందు ఉందని, రెండేళ్ళ లోపు బిడ్డలకు మూడు నెలలు వరసగా వేయాలని చెప్పి, ఒక నర్సమ్మ టౌను నుంచి రావడం మొదలుపెట్టింది. మంచుగడ్డ పోసిన ఫ్లాస్కులో మందు బుడ్డీలు, ఒక చేతిసంచి, సూదులు ఉడకబెట్టే చిన్న స్టవ్. ఇవి మోసుకుని రోడ్డు మీద బస్సు దిగి, మైలు దూరం నడిచి వచ్చేది. వచ్చి ఎక్కడ కూర్చోవాలి? పెద్దింటి అరుగు మీద. నీడ ఉంటుంది, కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు. పాపం ఆమె తప్పు ఏమీ లేదు. ఊరికి వచ్చిన ఏ అధికారి అయినా అక్కడే కూర్చునేవాడు.

మా తమ్ముడికి అప్పటికి ఏడాదిన్నర దాటింది. బొద్దుగా, నల్లగా నిగనిగలాడుతూ, కనిపించిన ప్రతి చెనక్కాయనూ నోట్లో పెట్టుకునేవాడు. నాకంటే ముందు ఒక పిల్ల, వానికంటే ముందు ఒక పిల్లవాడు మా అమ్మకు పుట్టి దక్కలేదు. అందువల్ల వాణ్ణి నేల మీద దించేవాళ్ళే కాదు. నర్సమ్మ వచ్చిన మొదటిరోజు అమ్మ వాణ్ణి చంకన వేసుకుంది. గేరిలోని తల్లులంతా బిడ్డలతో బయలుదేరారు. నేనూ వెంట పడ్డాను.

పెద్దింటి దగ్గరకు పోయేసరికి అరుగు ముందు ఊరివాళ్ళు గుంపుగా ఉన్నారు. మా వాళ్ళను ఎవరూ పొమ్మనలేదు, ఆగమనలేదు. మా జేజే అంది. "పెద్దిండ్లోల్లు ఏపిచ్చుకోనీ. మనం ఎనక పోదాం. మందు యాడికి పోతాది." బావి దగ్గర అంతే కదా, అంగడి దగ్గర అంతే కదా. ముందు ఊరు, తర్వాత మేము. ఆ మాట ఆమెకు ఎవరూ నేర్పలేదు, తాగే నీళ్ళతో పాటు ఒంట్లోకి వచ్చిందంతే. మేము ఎదురుగా గోడవార ఎండలో నిలబడ్డాం. తమ్ముడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. ఎండ నెత్తిమీదకు వచ్చాక మా వరస వచ్చింది. నర్సమ్మ ఖాళీ బుడ్డీలను వంచి చూపించింది. "అయిపోయిందమ్మా. వచ్చే నెల తెస్తాను."

అయిపోయింది అంటే అయిపోయింది. వర్షం రాలేదంటే ఎట్లా ఊరుకుంటామో అట్లాగే ఊరుకుని ఇంటికి వచ్చేశాం. దారిలో అమ్మ ఒక్కతే, నెల రోజులు ఎట్లా గడుస్తాయో అని గొణుక్కుంటూ తమ్ముడి నెత్తిన కొంగు కప్పింది.

ఇరవై రోజులు తిరక్కుండా ఆ కూత మా గేరిలోకి వచ్చింది. పక్కింటి అక్కకు పది నెలల పాప. ఆ అక్క మా అమ్మతో పాటు గోడవార నిలబడి, మా అమ్మతో పాటే తిరిగి వచ్చిన మనిషి. ఆ పాప దగ్గు మొదలుపెడితే మా ఇంట్లో అన్నం ముందు కూర్చున్నవాళ్ళం లేచిపోయేవాళ్ళం. జేజి వస అరగదీసింది, తేనె నాకించింది, ఏదేదో చేసింది. బిడ్డను పుట్టించడం తెలిసిన చేతులకు ఆ దగ్గును ఆపడం తెలియలేదు. చివరకు ఎద్దులబండి కట్టుకుని నంద్యాల తీసుకుపోయారు. వారం తర్వాత పాప పుల్లలాగా చిక్కిపోయి, అయినా బతికి, ఇంటికి వచ్చింది. ఆ వారమంతా జేజి నంద్యాల బాట చూస్తూ వాకిట్లోనే కూర్చుంది. అమ్మ తమ్ముణ్ణి ఇల్లు కదలనివ్వలేదు.

అప్పుడే నేను ఒక మాట అన్నాను. ఏ ఉద్దేశమూ లేకుండా, బడి కబుర్లు చెబుతూ అన్నాను. మా క్లాసులో ఊరి మగపిల్లలు కొందరు నిక్కరు పైకి లాగి, తొడ మీద సూది పడిన చోటు చూపించి గొప్పలు పోతున్నారని, నాకు కూడా ఒక సూది ఉంటే బాగుండునని అన్నాను.

జేజి చేటలో కొర్రలు చెరుగుతోంది. చేతులు ఆగిపోయాయి.

"యా పిల్లోల్లు మే? పేర్లు చెప్పు."

చెప్పాను. మా క్లాసులో నలుగురు. రెండో తరగతిలో ఇంకో ముగ్గురు. వాళ్ళ చెల్లెళ్ళూ, అన్నలూ. నేను చెబుతుంటే ఆమె ఒక్కొక్క వేలూ మడుస్తూ పోయింది. రెండు చేతులూ అయిపోయి మళ్ళీ మొదటికి వచ్చింది. సూది ఉత్తగా వస్తోంది కదా, ఒంటికి మంచిది కదా అని పెద్దిళ్ళవాళ్ళు చిన్నా పెద్దా అందరినీ అరుగు మీదకు తోసి, రెండేళ్ళ లోపే అని రాయించారు. అందులో దుర్మార్గం ఉందని నేను ఇప్పటికీ అనుకోను. మంచి వస్తువు ముందుకు వచ్చినప్పుడు చెయ్యి చాపడం వాళ్ళకు అలవాటు. చెయ్యి వెనక్కి పెట్టుకోవడం మాకు అలవాటు. నర్సమ్మ పైఊరి మనిషి, ఆ తోపులాటలో తల ఎత్తకుండా చెప్పిన వయసు రాసుకుని సూది వేస్తూ పోయింది, ఆమెకు ఎవరి వయసు ఏం తెలుస్తుంది?

నెల తిరిగి నర్సమ్మ వచ్చే రోజు తెల్లవారుతూనే జేజి ఆదివారం ఆరాధనకు కట్టే తెల్ల చీర కట్టుకుంది. నన్ను బడి మానమంది. ఇద్దరం రోడ్డు దాకా నడిచిపోయి బస్సు కోసం కూర్చున్నాం. నాకు ఆశ్చర్యం వేసింది. ఎందుకంటే ఆ నర్సమ్మకూ మా జేజికీ పడదు. అంతకు ముందు ఏడు వేరే పని మీద ఒకసారి ఊరికి వచ్చినప్పుడు, కొడవలితో బొడ్డు కోస్తావా అని అందరి ముందూ జేజిని నానా మాటలూ అని, బ్లేడ్ల పొట్లం చేతిలో పెట్టి పోయింది. ఆ తర్వాత జేజి బ్లేడే వాడింది, నీళ్ళలో ఉడకబెట్టి మరీ వాడింది. కానీ ఆమె పేరు ఎత్తితే మూతి తిప్పేది. అట్లాంటి మనిషి, బస్సు ఆగగానే ఎదురుపోయి ఆమె చేతిలోని ఫ్లాస్కు అందుకుంది.

"నీ బుక్కులో వయసులు తప్పుండాయమ్మా" అంది.

నర్సమ్మ ముఖం చిట్లించింది. "నా బుక్కులో ఏముందో నీకేం తెలుసు?"

"పోయిన తూరి ఏపిచ్చుకున్నోల్ల పేర్లు చదువు. ఒగొగటే చదువు."

నర్సమ్మకు చిరాకు వేసినా, మైలు దూరం నడవాలి, ఇంకేం పని ఉంది. నడుస్తూ నడుస్తూ చదివింది. జేజి పక్కనే నడుస్తూ జవాబు చెప్పింది. వానికి ఎనిమిదేండ్లు, కుందూ పొంగినప్పుడు పుట్నాడు. దానికి ఆరు. వానికి ఏడు, ముందరి పండ్లు రెండూ ఊడిపోయిండాయి, నువ్వు చూడలేదా? ఈ మాటకు నర్సమ్మ ఆగిపోయింది. పళ్ళు ఊడిన పిల్లవాడికి రెండేళ్ళని రాసుకున్న బుక్కు అది. పైనుంచి డాక్టరు వచ్చి తనిఖీ చేస్తాడట. ఆమె ముఖం చూస్తే నాకు జాలి వేసింది. బుక్కు మూసి, మొదటిసారి మా జేజిని సరిగ్గా చూసింది.

"అయితే నువ్వొచ్చి నా పక్కన కూర్చో. ఎవరెవరికి ఎంతో నువ్వే చెప్పు."

జేజి ఈ మాట కోసమే తెల్లచీర కట్టుకుని వచ్చిందని నాకు అప్పుడు తెలియలేదు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆ అరుగు నేను ఎక్కగూడదు గదమ్మా. పురుడుంటే ఎక్కుతా. ఇప్పుడు ఆ ఇంట్లో యా పురుడూ లేదు."

"అదేం పద్ధతి?"

"పద్ధతి నాది కాదు. మా చర్చి అరుగు మీదయితే కూసుంటా. ఆడికి ఎవురూ రాగూడదని యా పద్ధతీ లేదు."

ముఖంలో నవ్వు లేదు, కోపం లేదు. వాళ్ళ ఆచారాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నట్టే చెప్పింది. నర్సమ్మ కాసేపు ఊరివైపు చూసింది, కాసేపు మా గేరివైపు చూసింది. పెద్దింటి కాఫీ గుర్తుకు వచ్చిందేమో నాకు తెలియదు. చివరకు, పద, అంది. పోతూ పోతూ జేజి, ఈ తూరి మందు ఎంత తెచ్చినావని అడిగింది. నాలుగు బుడ్డీలు, బుడ్డికి పదిమందికి వస్తుందని చెప్పింది నర్సమ్మ. జేజి ఫ్లాస్కు చెయ్యి మార్చుకుని నడక సాగించింది.

మా చర్చి అంటే మట్టిగోడలు, పైన బోదగడ్డి కప్పు. ముందు మాత్రం నాపరాళ్ళు పరిచిన మంచి అరుగు ఉండేది. దాని మీద బల్ల వేశారు, స్టవ్ వెలిగించారు. ఊళ్ళో చాటింపు వేసేది మా చిన్నాయనే. తప్పెట మెడకు తగిలించుకుని, సూదిమందు చర్చి కాడ, రెండేండ్ల లోపు బిడ్డలకే, అని ఆరోజు ఆయన అరిచిన అరుపు పక్క ఊరికి కూడా వినిపించి ఉంటుంది. పెద్దింటి ముందు రెండుసార్లు ఎక్కువ కొట్టాడని తర్వాత తెలిసింది.

నా సంతోషం చెప్పనలవి కాదు. ఇప్పుడు మనమే ముందు, వాళ్ళే వెనక. అమ్మ దగ్గరకు పరిగెత్తి, తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చి అందరికంటే ముందు నిలబడమన్నాను. అమ్మ వచ్చి నిలబడింది కూడా. జేజి చూసింది. చూసి, చిన్నబిడ్డలు ముందు, పెద్దబిడ్డలు వెనక, అని గేరిలోవాళ్ళందరినీ వయసు వరసన కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. ఏడాది తొమ్మిది నెలలవాడు మా తమ్ముడు. గేరిలో వాడే పెద్దవాడు. చిట్టచివరకు పోయాడు.

సర్లే, మనవాళ్ళే కదా అనుకున్నాను. ముగ్గురికో నలుగురికో సూది పడ్డాక ఊరివైపు నుంచి ఒక గొడుగు కనిపించింది. పెద్దింటమ్మ. మూడు నెలల మనవణ్ణి ఎత్తుకుని, వెనక కోడలితో, వంక దాటి మా గేరిలోకి వస్తోంది. మా గేరిలోకి ఆమె రావడం అదే మొదటిసారి అని పెద్దవాళ్ళు చెప్పారు. కోరింత దగ్గు ఎవరి అరుగు అని చూడదు కదా, ఆ భయం ఆమెనూ పట్టుకుంది.

"ఏమే, మమ్మల్ని ఈడికి పిలిపిచ్చుకుంటివే" అంది.

"నేను యాడ పిలిస్తినమ్మా. నర్సమ్మ ఈడ కూసునింది" అంది జేజి. అని ఆమెను తీసుకుపోయి వరసలో అందరికంటే ముందు కూర్చోబెట్టింది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత చేసి, మళ్ళీ వాళ్ళనే ముందుకు తెస్తుందా? అదేమీ పట్టించుకోకుండా జేజి చంటివాడి తొడ పట్టుకుంది, నర్సమ్మ సూది వేసింది. బిడ్డ ఏడిస్తే పెద్దింటమ్మ అలవాటుగా వాణ్ణి జేజి చేతుల్లో పెట్టేసింది. పుట్టినప్పుడు పట్టుకున్న చేతులే కదా, వాడు ఊరుకున్నాడు. తాకరాదన్న సంగతి ఆ నిమిషంలో ఇద్దరికీ గుర్తు రాలేదు. ఇంటికి పోయాక ఆమె నెత్తిన నీళ్ళు పోసుకుందో లేదో నేను చెప్పలేను.

పెద్దింటమ్మ వచ్చిందని తెలియగానే ఊరు ఊరంతా కదిలింది. ఒక్కొక్క బిడ్డ వస్తుంటే జేజి వాడి స్థానం చూపిస్తోంది. ఇది ఆరు నెలలది, ఆడ కూసో. వీడు ఏడాదోడు, ఈడికి రా. వచ్చిన ప్రతి బిడ్డా మా తమ్ముడికంటే చిన్నదే. వాడు వెనక్కి, ఇంకా వెనక్కి జరిగిపోతున్నాడు. అమ్మ జరుగుతోంది, కానీ ఆమె కళ్ళు బల్ల మీద బుడ్డీల మీదే ఉన్నాయి. ఒక బుడ్డి అయిపోయింది. రెండోది అయిపోయింది. పోయిన నెల గోడవార నిలబడ్డ ఎండ నాకు మళ్ళీ నెత్తిన కొట్టినట్టు అయింది.

మధ్యలో పెద్దపిల్లలు రాకపోలేదు. ఒకామె అయిదేళ్ళ కొడుకును చంకనెక్కించుకుని, వాడి కాళ్ళు ఆమె మోకాళ్ళ దాకా వేలాడుతుంటే, వీడికి రెండేళ్ళే, తిండి బాగా తింటాడు కాబట్టి పెద్దగా కనిపిస్తాడు అంది. జేజి వాడి ముఖం కూడా చూడలేదు. ఆ కాన్పు రోజు కాలువకు గండి పడింది, మీ మామ గట్టు మీద ఉండి బిడ్డను చూసేదానికి గూడా రాలేదు, ఇంకా చెప్పమంటావా, అంది. ఆమె వద్దంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అట్లాగే మా గేరిలోంచి ఒకామె మూడేళ్ళవాణ్ణి తెస్తే, వాణ్ణీ తిప్పి పంపింది. ఆమె మా జేజికి సొంత మేనకోడలు. ఇంటికి పోయి మూడు రోజులు మాట్లాడలేదు.

మూడో బుడ్డి అయిపోయింది. నాలుగోది సగానికి వచ్చింది. ఇంక మా తమ్ముడికి ముందు ఇద్దరే ఉన్నారు. అప్పుడు జేజి నర్సమ్మను ఆగమంది.

"ఇంగొగ బిడ్డ రావాల."

చేలో గొర్రెల మంద వేసుకున్న కుటుంబం ఒకటి ఉంది. ప్యాపిలి అవతల నుంచి వచ్చారు, పది రోజులుండి పోతారు. ఊళ్ళోవాళ్ళు వాళ్ళను ఊరివాళ్ళుగా లెక్కపెట్టరు. నిజం చెప్పాలంటే మా గేరిలోవాళ్ళం మేమూ లెక్కపెట్టలేదు. జేజి ముందు రోజే పోయి వాళ్ళ బిడ్డను చూసి వచ్చిందట. ఆ తల్లి చేలకు అడ్డంపడి, బిడ్డను గొంగట్లో చుట్టుకుని వచ్చేదాకా అందరం కూర్చున్నాం. ఎండకు మంచు కరిగిపోతోందని నర్సమ్మ తొందరపడుతోంది. నేను జేజి చీర కుచ్చిళ్ళు పట్టుకుని, తమ్ముడికి వేయించు, తమ్ముడికి వేయించు అని గుంజుతున్నాను. ఆమె నా చెయ్యి విడిపించింది. ఆ క్షణంలో ఆమెను నేను అసహ్యించుకున్నాను. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ అబద్ధం చెప్పను.

గొర్రెలవాళ్ళ బిడ్డకు పడింది. తర్వాత ఆ ఇద్దరికీ పడింది. తర్వాత మా తమ్ముడికి పడింది. వాడు పెట్టిన కేక నా జీవితంలో నేను విన్న కమ్మని శబ్దాల్లో ఒకటి. అమ్మ వాణ్ణి గుండెకు హత్తుకుని, ఏడుస్తూ నవ్వింది. నర్సమ్మ బుడ్డిని వెలుగుకు పట్టి చూసి, ఇంకా ఇద్దరికి వచ్చేంత ఉందే, అని తనలో తనే అనుకుంది.

మా అమ్మ కొత్త కుండలో నీళ్ళు తెచ్చి పెట్టింది. నర్సమ్మ రెండు చెంబులు తాగింది. ఊరి ఆడవాళ్ళు, గొంతులు ఎండిపోతున్నా, ఒక్కరూ ముట్టలేదు. అది చూసి నేను మళ్ళీ మండిపడితే జేజి తేలిగ్గా కొట్టిపారేసింది. "నీళ్ళు తాగకపోతే పోనీలే మే. ఆ దప్పిక వాళ్ళదే గదా."

ఆ సాయంత్రం ఆమె వాకిట్లో జొన్నరొట్టెలు తడుతుంటే, నేను మూతి ముడుచుకుని పక్కన కూర్చున్నాను. తమ్ముడు తొడ నొప్పి మరిచిపోయి పిండి ముద్ద కోసం చేతులు చాస్తున్నాడు. ఆగలేక అడిగేశాను. వాడి దాకా రాకముందే మందు అయిపోయుంటే ఏం చేసేదానివి?

"యాడ అయిపోతాది?" అంది జేజి. "ఊరూ గేరీ, ఆ గొర్లోల్ల బిడ్డా, అందరూ కలిసి ముప్పై ఎనిమిది. ఆయమ్మ తెచ్చింది నలభైకి."

ముందు రాత్రే లెక్క కట్టుకుందట. ఏ ఇంట్లో ఏ బిడ్డ, ఎన్ని నెలలు, ఒక్కటీ వదలకుండా. నలభైకి మందు తెచ్చానని నర్సమ్మ దారిలో చెప్పినప్పుడే ఆమెకు గుండె నిమ్మళించింది. తమ్ముణ్ణి చివర కూర్చోబెట్టినా వాడికి అందుతుందని ఆమెకు తెలుసు. తెలియనిది అమ్మకూ నాకూ మాత్రమే. మాకెందుకు చెప్పలేదని అడిగితే, చెబితే మీరు నెమ్మదిగా కూసుంటారు, మీరు నెమ్మదిగా కూసుంటే మనవనికి మందు దాచిపెట్టినానని ఊరోల్లకు అనుమానం వస్తాది అని నవ్వింది. అది నిజమో, నన్ను ఆటపట్టించడానికి అందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తర్వాత రొట్టె పెనం మీద వేసి, నావైపు చూడకుండా, ఇంకో మాట చెప్పింది. "పోయిన తూరి గూడా నలభైకే తెచ్చినాదంట. అప్పుడు గూడా అందరికీ సరిపోయేదే మే. అయిపోయింది అంటే నేను నోరు మూసుకోని వచ్చినా. ఎవురికి పోయింది అని అడగలా. మిమ్మల్ని గోడకు నిలబెట్టింది నేనే. ఆ పక్కింటి పాప దగ్గు నాదే." నేను పోయి ఆమె వీపుకు ఆనుకుని కూర్చున్నాను. ఆమె రొట్టె తిప్పింది.

మూడో నెల కూడా బల్ల చర్చి అరుగు మీదే వేశారు. ఆ ఏడు మా ఊళ్ళో గానీ గేరిలో గానీ ఆ దగ్గుతో ఒక్క బిడ్డా పోలేదు. పక్కింటి అక్క పాప మళ్ళీ ఒళ్ళు చేసి, పెద్దదై, ఇప్పుడు బనగానపల్లెలో మనవళ్ళను ఆడిస్తోంది. మామిడికాయల కాలం వస్తే నాకు ఒక గంప పంపుతుంది. మా తమ్ముడు లారీ నడిపి నడిపి, ఇల్లు కట్టుకుని, నాకంటే లావెక్కి హాయిగా ఉన్నాడు. ఈ కథ చెబితే, నన్ను చివర కూర్చోబెట్టిన ముసల్ది అంటాడు. ముసల్ది అన్నప్పుడల్లా వాడి కళ్ళు చెమ్మగిల్లుతాయి.

నేను పంతులమ్మనై, ముప్పైమూడేళ్ళు బడుల్లో పనిచేసి, రిటైరై నంద్యాలలో ఉంటున్నాను. పుస్తకాలు పంచినా, గుడ్లు పంచినా, నులిపురుగుల బిళ్ళలు పంచినా, ఎవరైనా అయిపోయాయి అంటే నేను ఊరుకునేదాన్ని కాదు. ఎవరికి పోయినాయి అని అడిగేదాన్ని. ఈ ప్రశ్నకు తోటి టీచర్లు నన్ను గయ్యాళి అనేవాళ్ళు. అననీ. దాని గురించి నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. మా జేజి పాఠం పూర్తిగా ఒంటబట్టిందని అనుకునేదాన్ని.

మొన్న వేసవిలో మా వీధి చివరి కల్యాణమండపంలో ఎవరో పుణ్యాత్ములు కంటి పరీక్షలు పెట్టించారు. చదువుకునే అద్దాలు ఉచితం. నేను పోగానే, రండి టీచరమ్మా అని కుర్చీ వేశారు. పరీక్ష చేసి, నంబరు చూసి, అద్దాలు చేతిలో పెట్టారు. ఇంటికి వచ్చి అన్నం తిని, అద్దాలు పెట్టుకునే డబ్బా అక్కడే మరిచానని మళ్ళీ పోయాను. మధ్యాహ్నమైంది. మా వీధులు ఊడ్చే ఆడవాళ్ళు ఆరుగురు, పని ముగించుకుని, చీపుర్లు బయట గోడకు ఆనించి, లోపలికి వచ్చి నిలబడ్డారు. బల్ల దగ్గరి కుర్రవాడు, అయిపోయినాయమ్మా, అన్నాడు. వాళ్ళు సరేనని వెనక్కి తిరిగారు. ఏమీ అడగలేదు.

నాకు పాత కోపం లేచింది. ఎవరికి పోయినాయి, లిస్టు చూపించు అన్నాను. పాపం ఆ కుర్రవాడు భయపడి కాగితం ఇచ్చాడు. చదువుతూ పోయాను. మేడ ఇంటి ఆయన, మందుల షాపు ఆయన భార్య, బ్యాంకులో చేసి రిటైరైనాయన, అందరూ అద్దాలు ఉన్నవాళ్ళే, కొనుక్కోగలిగినవాళ్ళే. గొంతు పెంచబోతూ ఏడో పేరు దగ్గర ఆగిపోయాను. నాది. ఇంట్లో నాకు అప్పటికే రెండు జతలు ఉన్నాయి.

సంచిలోంచి ఆ అద్దాలు తీసి బల్ల మీద పెట్టాను. ఆ ఆరుగురిలో ఒకామెకు ఆ నంబరు సరిపోయింది. పెట్టుకుని, తన ఫోనులో మనవరాలి ఫోటో చూసుకుంది. తర్వాత లిస్టు పట్టుకుని వీధిలో ఇల్లిల్లూ తిరిగాను. ముగ్గురు ఇచ్చారు, మిగతావాళ్ళు ఇవ్వలేదు, ఒకాయన తలుపు వేసుకున్నాడు. తక్కువపడిన రెండూ నేను కొనిచ్చాను, అదేం గొప్ప కాదు.

అయిపోయింది అన్న మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. వచ్చినా, నోరు తెరవకముందు ఒకసారి నా చేతుల్లో ఏముందో చూసుకుంటున్నాను.